ఊడ దిగే చోట

చేను పచ్చగా ఉంటే రైతుకు ధైర్యం. 1975-76లో శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఆ పచ్చదనమే మోసం చేసింది. వేరుశనగ చేలల్లో అక్కడక్కడా మొక్కలు గిడసబారాయి. ఎదుగుదల లేదు గానీ ఆకు మాత్రం పక్క మొక్కల కంటే ముదురు పచ్చన. పీకి చూస్తే అసలు సంగతి బయటపడింది. మట్టిలోకి దిగి కాయలయ్యే ఊడల మీద, కాయ తొడిమల మీద, లేత కాయల మీద గోధుమ, పసుపు కలిసిన రంగులో చిన్న చిన్న మచ్చలు. మచ్చ చుట్టూ అంచు కాస్త ఉబ్బి ఉంటుంది. తొడిమలు పొట్టిబడి, కాయలు చిన్నవై, తెగులు ముదిరేసరికి కాయ డొల్లంతా నల్లబారుతుంది. పైన ఆకు మీద రోగం ఆనవాలే లేదు, పంట పోయేది మాత్రం మట్టిలో.

దానికి కాళహస్తి తెగులు అని పేరు పడింది. రాహుకేతు దోషం పోగొట్టుకోవడానికి దేశం నలుమూలల నుంచి జనం వచ్చే ఊరు అది. మొక్కల తెగుళ్ల పుస్తకాల్లో మాత్రం ఆ ఊరి పేరే ఒక దోషానికి స్థిరపడిపోయింది. ఇంగ్లీషు పత్రాల్లోనూ అది 'కాళహస్తి మాలడీ'యే.

కారణం నులిపురుగు. టైలెంకోరింకస్ బ్రెవిలినియాటస్ అనే ఈ పురుగు మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు, కంటికి ఆనదు. నోట్లో సూదిలాంటి ముల్లుతో మొక్క కణాలను గుచ్చి రసం పీలుస్తుంది. నులిపురుగు అనగానే వేరు మీద బుడిపెల కోసం వెతుకుతాం. ఇది బుడిపెలు కట్టే రకం కాదు. డి.డి.ఆర్. రెడ్డి, పి. సుబ్రహ్మణ్యం, వాళ్ల సహచరులు కలిసి ఈ పురుగే ఆ తెగులుకు మూలమని రాసిన పత్రం 1984లో 'ప్లాంట్ డిసీజ్' అనే అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. చేలో కనబడిన మచ్చకు, అచ్చులో దొరికిన జవాబుకు మధ్య దాదాపు ఎనిమిదేళ్లు. ఎక్కువే అనిపించవచ్చు. కానీ ఏడాదికి ఒకటో రెండో పంటలు పండే చోట ఎనిమిదేళ్లంటే చేతికి దొరికే అవకాశాలు ఎన్నో లెక్కేసుకోండి.

జవాబు దొరికాక మందు వెతకడం ఒక దారి. మట్టిలో గుళికలు చల్లితే పురుగు తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది, మరుసటేడు మళ్లీ చల్లాలి. రెండో దారి, తెగులును తట్టుకునే విత్తనాన్ని తయారు చేయడం. తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఆ దారి పట్టింది. అలిపిరికి పరుగులు పెట్టే యాత్రికుల్లో నూటికొక్కరికి కూడా ఈ ఊళ్లో ఇలాంటి చోటు ఒకటుందని తెలియదు. 1961లో మొదలైన శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల ఆవరణలోనే, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పనిచేస్తుంది. తెగులు బాగా ఉన్న నేలలోనే రకాలను విత్తి, పీకి, కాయకాయనూ చూసి, ఏది తట్టుకుంటోందో ఏరి పట్టుకోవడం ఇక్కడి పద్ధతి. అలా వచ్చిన ఒక రకానికి 'కాళహస్తి' అనే పేరు పెట్టారు. రోగానికీ మందుకీ ఒకే ఊరి పేరు. ఎవరికి తట్టిందో గానీ చక్కని ఆలోచన.

కొత్త రకం పుట్టే పని సాయంత్రం మొదలవుతుంది. వేరుశనగ పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, విచ్చుకునేలోపే తన పుప్పొడితో తనే ఫలదీకరణ చేసుకుంటుంది. దానికంటే ముందు చేరాలంటే ముందురోజు పొద్దు వాలేవేళ మొగ్గ ముందు కూర్చోవాలి. మొగ్గ చిటికెన వేలి గోరంత. సన్నని పట్టకారుతో పసుపు రేకులను పక్కకు తప్పించి, లోపలి కేసరాలను ఒక్కొక్కటే లాగేయాలి. కీలాగ్రానికి పట్టకారు తగిలిందా, ఆ పువ్వు పోయినట్టే. మర్నాడు పొద్దున్నే తండ్రి మొక్క పుప్పొడి తెచ్చి దానికి అద్ది, గుర్తుగా దారం కట్టాలి. కుదిరితే వారం రోజులకు పువ్వు రాలిన చోటు నుంచి ఊడ బయటికొచ్చి మట్టి వైపు వంగుతుంది. పైన పూసి కింద కాసే పంట కదా, ఏ కాయ ఏ పువ్వుదో తెలియాలంటే ఆ దారమే దిక్కు. ఆ కాయలోని ఒకటి రెండు గింజలను మళ్లీ విత్తి, మళ్లీ ఏరి, గుణం నిలకడకు వచ్చేదాకా ఆరేడు తరాలు నడపాలి. తర్వాత వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు కాలాల్లో పరీక్షలు. నారాయణి, రోహిణి, గ్రీష్మ, ధరణి, నిత్యహరిత - తిరుపతి రకాలన్నిటి వెనకా ఈ పట్టకారు, ఈ దారం ఉన్నాయి.

వీటిలో ధరణి సంగతి రాయలసీమకు సరిగ్గా సరిపోయేది. మా వైపు చెనిక్కాయకు నీళ్లంటే వానే. జూన్, జులైలలో పదునుకు విత్తేస్తాం. ఆ తర్వాత మబ్బులు వస్తాయి, చూసి పోతాయి. సరిగ్గా ఊడలు దిగే వేళకు నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగలేదు. దిగని ఊడ కాయ కాదు. ధరణి 35 రోజుల దాకా బెట్టను తట్టుకుంటుందని శాస్త్రవేత్తలు చెబుతారు. తట్టుకోవడమంటే ఆ నెల రోజులూ పచ్చగా నవ్వుతూ నిలబడటం కాదు. వాన పడగానే తేరుకుని మళ్లీ పనిలో పడటం.

మబ్బుల మాట వచ్చింది కాబట్టి, తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. కొండల మధ్య 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న మైదానంలో 1024 యాంటెనాలు ఆకాశం వైపు చూస్తుంటాయి. దూరదర్శన్ రోజుల్లో ఇంటి కప్పుల మీద ఉండేవే, యాగీ యాంటెనాలు. వాటి పెద్దన్నలనుకోండి. 1992లో జాతీయ ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా మొదలై, 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఈ రాడార్‌కు మబ్బే ఉండనక్కర్లేదు. తేటగా ఉన్న గాలిలోని సుడుల నుంచి తిరిగొచ్చే సన్నని ప్రతిధ్వని చాలు, పైన గాలి ఎటు, ఎంత వేగంతో పోతోందో చెప్పేస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో మన నెత్తి మీద 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు దూసుకుపోయే జెట్ గాలులను ఇక్కడి నుంచి ఏళ్ల తరబడి కొలిచారు. ఎప్పుడు విత్తాలో ఆ రాడార్ రైతుకు చెప్పదు. ఆ పనికి వేరే వాతావరణ సలహాలు ఉన్నాయి. అయినా రాడార్ కంచె దాటితే ఉన్నది మెట్టచేలే. లోపల గాలిని కొలుస్తుంటే, బయట రైతులు అదే గాలి కోసం కాచుకుని ఉంటారు.

ఇన్ని రకాలు పుట్టాక రైతు చేలో ఏముందని అడిగితే జవాబు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. చిత్తూరుకు అవతల, తమిళనాడులో ఉన్న గుడియాత్తం పేరుతో 'గుడియాత్తం బంచ్' అనే రకం ఉండేది. దాన్నుంచి ఏరి తిండివనంలో 1940లో విడుదల చేసిన టీఎంవీ-2 దశాబ్దాల పాటు రాయలసీమను ఏలింది. తర్వాత జలగాం నుంచి జేఎల్-24, కదిరి నుంచి కదిరి-6 వచ్చాయి. మధ్యలో ఎన్నో మంచి రకాలు పేరుకే మిగిలాయి. రైతు మొండివాడనీ, అధికారులు పట్టించుకోరనీ ఎవరి వైపు నుంచి వాళ్లు అంటారు. నాకైతే అసలు చిక్కు గింజ లెక్కలోనే ఉందనిపిస్తుంది.

ఎకరా వరికి 25 కిలోల విత్తనం చాలు. 20 క్వింటాళ్లు పండితే, ఒక ఎకరా విత్తనం 80 ఎకరాలకు వస్తుంది. మూడు పంటలు తిరిగేసరికి 5 లక్షల ఎకరాలు దాటిపోతుంది. ఎకరా వేరుశనగకు 60 కిలోల పప్పు కావాలి, కాయల్లో అయితే 85 కిలోల పైమాటే. వానాధారంలో ఏడు క్వింటాళ్లు పండాయనుకున్నా, ఒక ఎకరా ఎనిమిది ఎకరాలకు సరిపోతుంది. అదే 5 లక్షల ఎకరాలకు చేరాలంటే ఏడు పంటలు పట్టాలి. అదీ ఏడింటిలో ఒక్క ఏడూ కరువు రాకుండా, ఒక్క బస్తా కూడా నూనె మిల్లుకు పోకుండా! నూనె గింజ కాబట్టి మొలకెత్తే గుణాన్ని వరిలా దాచుకోదు కూడా. చేతిలో డబ్బు లేని ఏడు ఇంట్లో ఉన్న విత్తనాన్ని అమ్ముకుని, విత్తే వేళకు అంగట్లో దొరికిందే తెచ్చుకుంటారు.

అందుకే విత్తనంగా పెట్టుకున్న కాయలను మిషన్‌కు వేయడానికి పాత రైతులు ఇష్టపడరు. గింజ మీది ఎర్రపొర చిట్లితే మట్టిలో కుళ్లుతుంది. తొలకరికి ముందు ఇంటిల్లిపాదీ వసారాలో కూర్చుని చేత్తోనే ఒలుస్తారు. వేలు నొప్పి పుడితే కాయను రాయి మీద తడతారు. నిండు గింజ చేటలో ఒక పక్కకు, పొర చిట్లిందీ బద్ద విడిందీ ఇంకో పక్కకు. పదేళ్ల పట్టకారు పని మొదటి పక్కన కుప్ప పడుతుంది. రెండో పక్కది ఆ రాత్రికి వేయించి ఊరిబిండి నూరుతారు, సంగట్లోకి.