పాత అంబాసిడర్‌ను సాగనంపే వేళ

మన పల్లెల్లో చాలా కాలం కారు అంటే అంబాసిడరే. పురిటి నొప్పులు పడుతున్న తల్లిని అర్ధరాత్రి పట్నం ఆసుపత్రికి చేర్చింది అదే. పెండ్లికూతురిని అత్తవారింట దింపింది అదే. వెనుక నలుగురు, ముందు బెంచీ సీటులో ముగ్గురు, ఒళ్ళో పిల్లలు, డిక్కీలో బియ్యం బస్తా. అయినా గతుకుల దారిలో సాగిపోయేది. అటువంటి బండి ముసలిదైపోతే ఏమి చేయాలి? కొన్ని కుటుంబాలలో ఈ ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై హిందూస్థాన్ మోటార్స్ వారు 1950 దశకం చివరలో ఈ కారు తయారీ ప్రారంభించారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. గనుక అన్నిటికంటె చిన్న అంబాసిడర్‌కు సైతం పదేండ్లు దాటాయి. పాత మోడళ్ళలో కంప్యూటరు పెట్టెలు లేవు. బానెట్ ఎత్తితే చెయ్యి పెట్టడానికి చోటు ఉండేది. నాలుగు పానాలున్న ఊరి మెకానిక్ చెట్టు క్రిందనే బాగుచేసి పంపేవాడు. దాని మన్నికకు ఇదొక ముఖ్య కారణం.

అయితే ఇంజను నడవడం వేరు, బండి క్షేమంగా ఉండడం వేరు. "ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది గదా" అనుకుంటే చాలదు. అడుగు రేకు, ఛాసిస్ తుప్పు పట్టాయా? బ్రేకు తొక్కితే బండి ఒక ప్రక్కకు లాగుతున్నదా? స్టీరింగులో ఆట ఎక్కువైనదా? ఈ మూడూ చూపించండి. ఏడాది మరమ్మతు ఖర్చు ఒక పుస్తకంలో వ్రాయండి. ఆ లెక్కే సగం జవాబు చెబుతుంది.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏండ్ల వరకే. తరువాత తనిఖీ చేయించి, ఐదేసి ఏండ్లకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుండి ఆ రుసుము బాగా పెరిగింది.

అమ్మదలచితే లోపాలు దాచకండి. కొన్నవాడు రేపు అందులో తన పిల్లలను ఎక్కిస్తాడు. డబ్బు చేతికి రాగానే తాళాలిచ్చి ఊరుకోవద్దు. 29, 30 ఫారాలపై సంతకాలు చేసి, 14 దినాలలోగా రవాణా కార్యాలయానికి తెలియజేయండి. ఆర్.సి. పుస్తకంలో పేరు మారేవరకు చట్టం దృష్టిలో యజమాని మీరే. బండి చేతులు మారినా ఆర్.సి.లో పేరున్నవారే ప్రమాద పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎవరో చేసిన ప్రమాదానికి మీ పొలం అమ్ముకోవలసి రావచ్చు.

ఇక నడవదనుకుంటే పాత ఇనుము వ్యాపారికి ఇచ్చి మరచిపోకండి. ప్రభుత్వ గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికే అప్పగించండి. వారిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ చూపితే క్రొత్త బండి కొనేటప్పుడు రోడ్డు పన్నులో రాయితీ దొరకవచ్చు. ఆర్.సి. రద్దు చేయించడం మాత్రం మరువవద్దు. లేకుంటే మీ నంబరు మరొక బండిపై తిరిగే ప్రమాదముంది.

మరొక మాట. చాలా ఇండ్లలో ఈ కారు కొన్నది నాన్నగారు. వాకిట్లో నిలిచిన ఆ బండి వారికి వట్టి ఇనుము కాదు. పైసా పైసా కూడబెట్టిన తమ వయసు అందులో ఉంది. వారు ఊరెళ్ళినప్పుడు చూచి అమ్మేయడం తగదు. ప్రక్కన కూర్చుని, మరమ్మతుల లెక్క చూపి, "నాన్నగారూ, ఏం చేద్దామంటారు?" అని అడగండి. ఒప్పుకోవడానికి నెల పట్టినా ఫరవాలేదు. చివరిసారిగా వారిని ముందు సీటులో కూర్చుండబెట్టి ఊరంతా త్రిప్పండి.

కొనేవానికి నిజం, కార్యాలయంలో సరైన కాగితం, కొన్న పెద్దవారికి గౌరవం. ఇన్నేండ్లు మోసిన బండికి ఇదే తగిన వీడ్కోలు.