చేంతాడు చాలక బావిని తిట్టొద్దు

మా మనవరాలు లైబ్రరీ సైన్సు చదువుతోంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోను బల్లమీద పెట్టి రికార్డింగు నొక్కింది. "తాతయ్యా, నీమీద ప్రాక్టీసు చేసుకుంటా. మీ బాల్యం గురించి చెప్పండి" అంది, యాంకరమ్మలా ఉన్నట్టుండి 'మీరు'లోకి దిగిపోయి.

నాకేమీ తోచలేదు. డెబ్బై ఎనిమిదేళ్ల బతుకు బుర్రలో ఉంది కదా, ఒక్క ముక్క పైకి రాలేదు. "ఏముందే, అందరిలాగే" అన్నాను. అది కాసేపు తల గోక్కుని, "పోనీ, మీ ఇంటి బావి గిలక ఎలా చప్పుడు చేసేది?" అని అడిగింది. ఇంకేముంది! గిలక కిర్రుమనడం, నాన్న దానికి ఆముదం రాయడం, చేద జారిపడితే గాలం వేసి తీయడం, ఆ గాలానికి మా అక్క పట్టీ చిక్కి పైకి రావడం... ముప్పావుగంట ఏకధాటిగా చెప్పాను. బావీ అదే, నీళ్లూ అవే. మొదటిసారి వేసిన చేంతాడు పొట్టిది, అంతే.

అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్ల జీవితకథలు వాళ్ల మాటల్లోనే రికార్డు చేసి గ్రంథాలయంలో దాచాలట, దానికే ఈ శిక్షణ. "వాళ్లు సరిగ్గా చెప్పగలరంటావా?" అంది. "ఆ అనుమానం ముందు నీ ప్రశ్నమీద పడాలి అమ్మడూ" అన్నాను.

లండన్‌లో డెర్మట్ బౌలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతిమీదే పనిచేశాడు. ఒక పదాల జాబితా వినిపించి, "గుర్తున్నవి చెప్పండి" అని ఊరుకుంటే ఆటిజం ఉన్నవారు తరచుగా వెనకబడతారు. అదే చిన్న ఆసరా ఇచ్చి అడిగితే దాదాపు మిగతావారితో సమానంగా చెబుతారు. ఈ ఆసరా సంగతిని బౌలర్, ఆయన తోటివారు 1997లో రాశారు. అంటే జ్ఞాపకం లోపల ఉంది, తోడే తీరు మారాలి. ఇంగ్లండులోనే కేటీ మరాస్ బృందం 2020లో ఇంకో మెట్టు ఎక్కింది. వాళ్లు పనిచేసింది నేరాల వీడియోలు చూసి, సాక్షుల్లా చెప్పినవారితో. ఏం జరిగిందో మొత్తం ఒక్కసారే చెప్పమనకుండా, ముందు సాక్షి చేతనే శీర్షికలు పెట్టించారు. తర్వాత ఒక్కో శీర్షిక తీసుకుని అందులో ఉన్నదంతా చెప్పించారు. ఆటిజం ఉన్నవారే కాదు, లేనివారు కూడా ఎక్కువ వివరాలు, ఎక్కువ సరిగ్గా చెప్పారు. గ్రంథాలయంలో ఈ పనికి నాలుగు చీటీలు, ఒక పెన్ను చాలు: 'బడి', 'అమ్మమ్మ ఊరు', 'రైళ్లు', 'మొదటి జీతం'. చీటీలు రాయాల్సింది కథ చెప్పేవారే సుమా!

ఇక మౌనం సంగతి. మనం మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపాక మరొకరు అందుకునే వ్యవధి ఎంతో తెలుసా? పది భాషల్లో కొలిచి 2009లో అచ్చువేశారు. సగటున సెకనులో అయిదో వంతు దగ్గర తేలింది, కనురెప్ప కొట్టినంతసేపు. దానికి అలవాటుపడ్డ మనకు అయిదు సెకన్ల మౌనం యుగంలా ఉంటుంది. కంగారుపడి ఇంకో ప్రశ్న వేసేస్తాం. అవతలివారు మొదటి ప్రశ్నకు జవాబు పేర్చుకుంటూ ఉంటారు, దాన్ని మనమే చెదరగొడతాం. అందుకే ఈ శిక్షణలో మొదటి పాఠం నోరు కట్టుకుని కూర్చోవడం. కళ్లలోకి చూడమని బలవంతపెట్టకపోవడం రెండోది.

నా రికార్డింగు మళ్లీ వేసి వింటే ఒక తమాషా బయటపడింది. ఫ్యాను రొద, వంటింట్లో కుక్కరు విజిలు, వీధిలో ఉప్పు బండి అరుపు, అన్నీ నా మాటలతో సమానంగా వినిపించాయి. నేను చెబుతున్నప్పుడు వాటిలో ఒక్కటీ నా చెవికెక్కలేదు. అక్కర్లేని చప్పుడును మన మెదడు వెనక్కి నెట్టేస్తుంది, మైకుకు ఆ విద్య రాదు. ఆటిజం ఉన్న చాలామందికి ఆ చప్పుళ్లు అంత తేలిగ్గా వెనక్కి పోవు. చప్పుడే కాదు, వెలుతురూ అంతే. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు మన కరెంటు మీద సెకనుకు వంద సార్లు మినుకుతుంది. మనం పట్టించుకోం, కొందరికి అదే తలనొప్పి.

అన్నిటికన్నా నాకు నచ్చిన ముచ్చట చెబుతా. బాల్టిమోర్ డాక్టరు లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం చాలామంది వైద్యుల దృష్టికి వచ్చింది. అందులో మొదటి పిల్లవాడు మిసిసిపీకి చెందిన డొనాల్డ్ ట్రిప్లెట్. అతని గురించి తండ్రి డాక్టరుకు 33 పేజీల ఉత్తరం రాశాడు. తండ్రి చెప్పాడు, డాక్టరు రాశాడు. పిల్లవాడి మాట ఎక్కడ? అతను పెద్దయి, బ్యాంకులో ఉద్యోగం చేసి, గోల్ఫ్ ఆడి, దేశాలు తిరిగి, 89 ఏళ్లు బతికి 2023లో పోయాడు.

అదే కానర్ 1946లో ఇంకో పిల్లవాడి గురించి రాశాడు. వాడు ఉన్నట్టుండి "కుక్కను బాల్కనీలోంచి పడెయ్యకు" అనేవాడట. అక్కడ కుక్కా లేదు, బాల్కనీ లేదు. ఆరా తీస్తే, మూడేళ్ల కిందట ఒక హోటల్లో వాడు బొమ్మకుక్కను కిందికి విసురుతుంటే, తెచ్చి తెచ్చి విసిగిన తల్లి అన్న మాట అది. ఆ తర్వాత ఏదైనా విసరాలనిపించినప్పుడల్లా వాడు తనను తాను ఆ మాటతోనే మందలించుకునేవాడు! వినేవాడికి పిచ్చిమాట, చెప్పేవాడికి అందులో ఒక కథంతా ఉంది. అందుకే రాతప్రతి తయారుచేసేటప్పుడు ఒకే మాట పదిసార్లు వచ్చినా పదిసార్లూ రాయాలి. కత్తిరించి నున్నగా చేయకూడదు. మాట ఎక్కడినుంచి వచ్చిందో అడిగి పక్కన రాసుకోవాలి.

నోటితో మాట్లాడనివారు టైపు చేస్తారు, బొమ్మల కార్డులు చూపిస్తారు. అదీ మౌఖిక చరిత్రే. కాకపోతే పక్కవాళ్లు చెయ్యి పట్టుకుని రాయించినదాన్ని వాళ్ల మాటగా లెక్కవేయకూడదు. అచ్చుకు ముందు మొత్తం వాళ్లకే చూపించాలి. "ఇది తీసెయ్యండి" అంటే తీసెయ్యాలి.

మనుషుల కథను వాళ్ల మాటల్లోనే దాచడం మనకు మరీ కొత్త విద్య కూడా కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో నడిచిన ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల మాటల్లోనే విని, హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేసింది. అంతకుముందు వాళ్లకు చెప్పడం రాక కాదు, అడిగినవాళ్లు లేక.

మీ ఊరి గ్రంథాలయంలో ఎవరైనా ఈ పనికి పూనుకుంటే నాదొక్క మనవి. ఖరీదైన మైకు తర్వాత కొనుక్కోవచ్చు. ముందు ఆ చోక్ ట్యూబ్‌లైటు తీసేయండి, ప్రశ్నలు వారం ముందే కాగితం మీద రాసి పంపండి, అడిగాక నోరు మూసుకుని కూర్చోండి.