ఇసుకలో దొరికింది బొక్కేనా?

హసన్‌పర్తిలో ఇల్లు కట్టేచోట గోదావరి ఇసుకను జల్లెడ పడితే పైన నానా రకాల రాళ్లు మిగులుతాయి. కొసలు ఉబ్బి నడుమ సన్నగా ఉన్న రాయి కంటపడితే డైనోసార్ బొక్క అంటారు, గీతలుంటే చెట్టు రాయి అంటారు. రెండూ తొందరపాటు మాటలే.

అపోహ: హసన్‌పర్తి గుట్టల్లో తవ్వినా డైనోసార్ బొక్కలు దొరుకుతాయి.

దొరకవు. ఇక్కడ నేల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నైస్ శిలలు. ఎముక ఉన్న జంతువేదీ అప్పటికి భూమ్మీద పుట్టలేదు. పైగా గ్రానైటు కరిగిన శిల చల్లారి గట్టిపడింది, దానిలో శిలాజం నిలవదు. శిలాజాలున్నది ఉత్తరాన ప్రాణహిత–గోదావరి లోయ ఇసుకరాళ్లలో, మట్టిరాళ్లలో. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర పన్నెండు జంతువులవి 840 ఎముక ముక్కలు బయటపడ్డాయి. ఆ డైనోసార్‌కు శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరుపెట్టారు. ఆ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడొచ్చు.

అపోహ: ఆకారం బొక్కలా ఉంటే బొక్కే.

అన్నిటికన్నా ఎక్కువమందిని మోసం చేసేది ఇదే. ఏటి నీళ్లలో దొర్లిన రాయి ఏ ఆకారానికైనా అరగొచ్చు. చూడాల్సింది విరిగిన ముఖం. దాన్ని తడిపి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టండి. మటన్ కూరలో నల్లి బొక్కను గమనించే ఉంటారు: చుట్టూ దిట్టమైన గోడ, కొస దగ్గర లోపలంతా సన్నని గదుల అల్లిక. కోట్ల ఏళ్లు గడిచినా శిలాజ ఎముకలో ఆ అమరికే కనిపిస్తుంది. గోడలో నెత్తురు నాళాలు పోయిన సన్న చుక్కలుంటాయి. కలపలో అలా కాదు. కణాలు వరుసలు కట్టి, ఒకే దిక్కుకు సాగుతాయి. పక్కనుంచి చూస్తే నార కనిపిస్తుంది.

అపోహ: వలయాలుంటే చెట్టే.

అగేట్‌కూ వలయాలుంటాయి. దక్కన్ లావా చల్లారేటప్పుడు మిగిలిన గాలిబుడగల్లోకి సిలికా నీరు దిగి, పొరపొరగా పేరుకుంటే అగేట్ అయింది. ఆ రాళ్లను గోదావరి మహారాష్ట్ర నుంచి దొర్లించుకొస్తుంది. అగేట్ చారలు బుడగ గోడ వంపునే పట్టుకుని తిరుగుతాయి, వాటిలో కణాలుండవు. పలచటి అంచుకు సెల్‌ఫోన్ లైటు పెడితే తరచూ వెలుగు అవతలికి కనిపిస్తుంది. చెట్టు వలయాలను నడుమనుంచి బెరడు వైపు సాగే సన్న గీతలు అడ్డంగా కోస్తాయి. అగేట్‌లో ఆ గీతలు లేవు.

అపోహ: నాలుకకు అంటుకుంటే బొక్క, చాకుకు గీత పడకపోతే కాదు.

నాలుక పరీక్షను నమ్మొద్దు. సన్న రంధ్రాలున్న బంకమట్టి రాయీ నాలుకకు అంటుకుంటుంది, రంధ్రాలు పూడిపోయిన ఎముక అంటుకోదు. గట్టిదనమూ అంతే. ఎముకలోని అపటైట్ అనే ఖనిజం గట్టిదనపు కొలతలో 5, కనుక ఉక్కు చాకు దాన్ని గీస్తుంది. సిలికాది 7, గీత పడదు. కానీ సిలికా నిండిన ఎముకకూ గీత పడదు. పరీక్ష తేలదు సరికదా, నమూనా మాత్రం పాడవుతుంది.

అపోహ: కలప దొరికినచోట ఎముకలుండవు.

ప్రాణహిత అవతల, సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గర దీనికి జవాబుంది. అక్కడ దొరికిన బారపాసారస్ అనే డైనోసార్ ఎముకలతోపాటు పెద్ద పెద్ద శిలాజ మానులూ బయటపడ్డాయి. వరద రెంటినీ కలిపి తెచ్చి పడేసిందని శాస్త్రవేత్తల అంచనా. 1975లో బారపాసారస్ అని పేరు పెట్టినవాళ్లు కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. ఆ డైనోసార్ తొడ ఎముక ఒక్కటే దాదాపు 1.7 మీటర్లు.

ఏ పొరలో, దేని పక్కన దొరికిందన్న సంగతి ఎముకంత విలువైనది. లారీ ఇసుకలో వచ్చిన రాయికి ఆ ఆనవాలు ఎప్పుడో పోయింది, దాన్ని ఇంట్లో దాచుకున్నా నష్టం లేదు. గోదావరి లోయలో, రాతి పొరలోనే ఇరుక్కుని ఏదైనా కనిపిస్తే మాత్రం గడ్డపార వేయకండి. పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీసి, చోటు రాసుకుని, హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయానికి తెలపండి.