అవసరం ముందు, కెమెరా తర్వాత

సీసీ కెమెరా దొంగల్ని పట్టడానికి పుట్టింది కాదు. దాని పుట్టిల్లు బాల్టిక్ సముద్ర తీరంలోని పీనెముండె. 1942లో జర్మనీ సైన్యం అక్కడ వీ-2 రాకెట్లను పరీక్షించేది. టన్నుల కొద్దీ ఆల్కహాల్, ద్రవ ఆక్సిజన్ నింపుకున్న రాకెట్ పైకి ఎగరొచ్చు, నిలబడ్డచోటే పేలిపోనూవచ్చు. దగ్గరుండి చూస్తే ప్రాణాలకు ముప్పు, చూడకపోతే ఎక్కడ తప్పు జరిగిందో తెలియదు. వాల్టర్ బ్రూఖ్ అనే ఇంజినీరు ప్రయోగ వేదిక దగ్గర టీవీ కెమెరాను అమర్చి, దూరంగా సురక్షితమైన చోట కూర్చున్నవారి ముందున్న తెరకు దాన్ని తీగతో కలిపాడు. ఈ బ్రూఖే తర్వాత పాల్ రంగుల టీవీ పద్ధతిని రూపొందించాడు. 1982లో మన దూరదర్శన్ రంగుల్లోకి మారింది ఆ పద్ధతిలోనే.

ఆ మొదటి ఏర్పాటులో రికార్డింగ్ లేదు. దాని అవసరమూ లేదు. మనిషి నిలబడలేని చోటును, ఆ క్షణంలో, మరోచోట నుంచి చూడాలి. అంతే. ఏం చూడాలో, ఎవరు చూడాలో, ఎప్పుడు చూడాలో ముందే తెలుసు కనుక యంత్రం ఆ కొలతకు తగ్గట్టు తయారైంది.

రెండో మలుపు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో వచ్చింది. అక్కడ మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు ఉండేవారు. వేళాపాళా లేని డ్యూటీలు, నేరాలు ఎక్కువగా జరిగే పేట, పిలిస్తే వెంటనే రాని పోలీసులు. తలుపు కొట్టింది ఎవరో తలుపు దాకా వెళ్లకుండానే తెలియాలన్నది ఆమె కోరిక. ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ అయిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి 1966లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1969 డిసెంబరులో అది మంజూరైంది.

వాళ్ల తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో నాలుగు కంతలుంటాయి. పొడవాటి మనిషి వచ్చినా, పిల్లవాడు వచ్చినా ముఖం కనపడేలా మోటారు మీద కదిలే కెమెరా వాటి వెనక పైకీ కిందికీ జరుగుతుంది. బొమ్మ పడగ్గదిలోని తెర మీద పడుతుంది. వచ్చినవాడితో మైకులో మాట్లాడొచ్చు. తెలిసినవాడైతే మీట నొక్కి గడియ తీయొచ్చు, అనుమానం వస్తే ఇంకో మీటతో అలారం మోగించొచ్చు. చూడటం, పోల్చుకోవడం, ఆపైన ఏదో ఒకటి చేయడం అనే మూడు పనులూ ఒకే ఏర్పాటులో ఇమిడాయి. ఆ మూడో పనిని ఆ తర్వాత వచ్చిన ఎన్నో వ్యవస్థలు మరిచిపోయాయి.

కెమెరాకు జ్ఞాపకశక్తినిచ్చింది వీడియో టేపు. మామూలు క్యాసెట్ మూడు గంటల్లో అయిపోతుంది, దుకాణానికి కాపలా మాత్రం రోజంతా కావాలి. అందుకని సెకనుకు తీసే బొమ్మల సంఖ్య తగ్గించి, ఒకే క్యాసెట్‌లో ఇరవై నాలుగు గంటలు పట్టేలా చేసే రికార్డర్లు వచ్చాయి. బొమ్మకూ బొమ్మకూ మధ్య జరిగింది పోయినట్టే. పైగా అదే క్యాసెట్‌ను మళ్లీ మళ్లీ వాడేసరికి బొమ్మ మసకబారేది. ఎన్నాళ్లు దాచాలి, ఎంత స్పష్టంగా దాచాలి అనే బేరం అప్పుడే మొదలైంది.

అప్పటి కెమెరాల్లో వాడిన విడికాన్ గొట్టాలకు ఇంకో జబ్బుండేది. నెలల తరబడి ఒకే దృశ్యాన్ని చూస్తే ఆ దృశ్యం గొట్టం మీద మచ్చలా శాశ్వతంగా ముద్రపడిపోయేది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించిన సీసీడీ చిప్ ఆ గొట్టాలకు సెలవిప్పించింది. వారిద్దరికీ 2009లో నోబెల్ బహుమతి దక్కింది. 1990లలో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం తీర్చిదిద్దిన సీమాస్ సెన్సార్ల వల్ల కెమెరా మరింత చిన్నదైంది, చవకైంది. 1996లో స్వీడన్ కంపెనీ యాక్సిస్ కెమెరాను నేరుగా కంప్యూటర్ నెట్‌వర్క్‌కు కలిపింది. ఆ తొలి నెట్‌వర్క్ కెమెరా బొమ్మలు నత్తనడక నడిచినా, ఇవాళ ఊళ్లో ఉన్న ఇంటి గేటును అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్‌లో చూడగలగడానికి దారి వేసింది అదే.

ధర పడిపోయేసరికి కొనేవాళ్ల ప్రశ్న మారిపోయింది. ‘ఎందుకు?’ పోయి ‘ఎన్ని?’ మిగిలింది. ఎనిమిది కెమెరాల ప్యాకేజీ, పదహారు కెమెరాల ప్యాకేజీ అంటూ బేరాలు మొదలయ్యాయి. కొలత తీసుకోకుండా జాకెట్టు కుట్టించుకున్నట్టు, సామాను ముందు వచ్చి అవసరం దాని వెనక పడింది.

కెమెరాలు నేరాలను నిజంగా తగ్గిస్తాయా? బ్రాండన్ వెల్ష్, డేవిడ్ ఫారింగ్టన్ అనే నేరశాస్త్రజ్ఞులు అందుబాటులో ఉన్న అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టారు. కార్ పార్కింగ్ స్థలాల్లో ఫలితం స్పష్టంగా కనిపించింది. నగర కూడళ్లలో మాత్రం అది చాలా స్వల్పం. తేడా ఎక్కడుందో ఊహించడం కష్టం కాదు. పార్కింగ్‌లో జరిగే నేరం ఏమిటో తెలుసు, దారులు రెండో మూడో ఉంటాయి, చాలాచోట్ల కెమెరాతో పాటు లైట్లు, కాపలా కూడా పెట్టారు. కూడలిలో తాగిన మైకంలో కొట్టుకునేవాడు తలెత్తి కెమెరా వైపు చూడడు.

2009లో బ్రిటన్ హోం శాఖ శాస్త్ర విభాగం సీసీ కెమెరాలు పెట్టదలచినవారి కోసం ఒక కరదీపిక వెలువరించింది. సమస్య ఏమిటి? ఎక్కడ, ఏ వేళ జరుగుతోంది? బొమ్మలో ఏం కనబడాలి? ఎవరు చూస్తారు? చూసి ఏం చేస్తారు? ఎన్నాళ్లు దాచాలి? కొనుగోలు కంటే ముందే ఇవన్నీ కాగితం మీద రాసుకోమంటుంది. స్థలం నమూనా గీసి, భయం ఉన్నచోటల్లా గుర్తు పెట్టమంటుంది.

వీటిలో ఎక్కువమంది దాటేసేది ‘బొమ్మలో ఏం కనబడాలి’ అన్న ప్రశ్న. దీనికి 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం అంకెల్లోనే జవాబిచ్చింది. అక్కడ మనిషి ఉన్నాడని తెలిస్తే చాలనుకుంటే, దృశ్యం వెడల్పులో మీటరుకు 25 పిక్సెళ్లు సరిపోతాయి. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 కావాలి. ముక్కూ ముఖం తెలియనివాణ్ని ఫలానావాడని నిర్ధారించాలంటే 250. మనిషి ముఖం వెడల్పు సుమారు 16 సెంటీమీటర్లనుకుంటే, మొదటి లెక్కన ముఖానికి దక్కేది 4 పిక్సెళ్లు, చివరి లెక్కన 40.

ఇప్పుడు బజారులో దొరికే రెండు మెగాపిక్సెల్ కెమెరానే తీసుకుందాం. దాని బొమ్మ వెడల్పు 1,920 పిక్సెళ్లు. దాన్ని 250తో భాగిస్తే 7.68 మీటర్లు. అంతకంటే వెడల్పైన దృశ్యాన్ని పట్టుకుంటే కొత్త ముఖాన్ని నిర్ధారించలేం. 90 డిగ్రీలు చూసే లెన్సుతో ఆ హద్దు కెమెరా నుంచి నాలుగు మీటర్ల లోపే వచ్చేస్తుంది. అదే కెమెరాకు 30 డిగ్రీల లెన్సు వేస్తే 14 మీటర్ల దాకా పనిచేస్తుంది, కాకపోతే పక్కలు కనిపించవు. ఆవరణంతా ఒకే కెమెరాలో పడుతుందని మురిసిపోతే, ఆ ఆవరణలో ఎవరి ముఖమూ ఆనదు.

విజయవాడలోనో వరంగల్‌లోనో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఉందనుకుందాం. సమస్య సెల్లార్‌లో బైకుల దొంగతనం. అంతస్తుకో కెమెరా పెడితే ఉపయోగమేముంది? బండి బయటికి పోయే దారి ర్యాంపు ఒక్కటే. అక్కడ ముఖం ఎత్తుకు దగ్గరగా, ఇరుకైన లెన్సుతో ఒక కెమెరా పెడితే అసలు పని జరుగుతుంది. అయితే చీకటి సెల్లార్‌లోంచి ఎండలోకి చూసే కెమెరాలో మనిషి నల్లటి నీడలా పడతాడు. వెలుగునూ చీకటినీ కలిపి సర్దగల డబ్ల్యూడీఆర్ సౌకర్యం అక్కడ తప్పనిసరి. నంబరు ప్లేటు కూడా కావాలంటే దానికి వేరే కెమెరా ఉండాలి, ఎందుకంటే రాత్రి హెడ్‌లైటు వెలుగులో ముఖానికి సరిపడే అమరిక ప్లేటుకు సరిపోదు. పరారుణ దీపాలతో రాత్రి తీసే బొమ్మలు నలుపు తెలుపుల్లో ఉంటాయి. చొక్కా రంగు చెప్పగలగాలంటే ఒక మంచి బల్బు వెలగాల్సిందే. ఎదురింటి కిటికీ మాత్రం ఏ కెమెరాలోనూ పడకూడదు.

దాచే రోజుల లెక్కా అవసరం నుంచే రావాలి. కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున పంపితే రోజుకు 21.6 గిగాబైట్లు. నాలుగు కెమెరాలు, 30 రోజులు అంటే దాదాపు 2.6 టెరాబైట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం గుమిగూడే సంస్థలు ఫుటేజీని 30 రోజులు ఉంచాలంది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు పోలీస్ స్టేషన్ల విషయంలో 18 నెలలు ఉంచాలంది, అంత వీలుకాకపోయినా ఏడాదికి తగ్గొద్దంది. స్టేషన్‌లో దెబ్బలు తిన్నవాడు బయటికొచ్చి, ధైర్యం కూడగట్టుకుని ఫిర్యాదు చేసేసరికి నెలలు గడిచిపోవచ్చు. నష్టం ఎన్నాళ్లకు బయటపడుతుందో, ఫుటేజీ అన్నాళ్లూ ఉండాలి.

కెమెరాకూ కాపలా కావాలి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం కంపెనీ పెట్టిన పాస్‌వర్డులు మార్చని లక్షలాది కెమెరాల్లో, వీడియో రికార్డర్లలో, రౌటర్లలో దూరింది. ఆ అక్టోబరులో వాటి దాడికి అమెరికాలో పేరున్న వెబ్‌సైట్లెన్నో కొన్ని గంటలపాటు మొరాయించాయి. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చడం, కరెంటు పోయినా ఆగకుండా యూపీఎస్ పెట్టడం, రికార్డర్‌ను తాళం వేసిన గదిలో ఉంచడం, వారానికోసారి పాత ఫుటేజీ తెరిచి చూడటం ఎవరి బాధ్యతో ముందే తేల్చుకోవాలి.

ఇక మిగిలింది బ్రౌన్ దంపతులు మరిచిపోని ఆ మూడో పని. రాత్రి రెండింటికి తెర మీద కొత్త మనిషి కనిపిస్తే వాచ్‌మన్ ఎవరికి ఫోన్ చేస్తాడు? ఎవరు కిందికి దిగుతారు? దీనికి జవాబు లేకపోతే ఆ కెమెరా నేరాన్ని ఆపదు, జరిగాక చూపిస్తుంది. అది చాలనుకుంటే అలాగే రాసుకుని, అందుకు తగ్గదే కొనొచ్చు. ఈ ప్రశ్నలన్నీ వేసుకున్నాక, పదహారు కెమెరాల ప్యాకేజీ మూడు కెమెరాలకు తగ్గిపోవచ్చు. ర్యాంపు దగ్గర గేటు, దానికో గట్టి తాళం, రాత్రంతా వెలిగే రెండు లైట్లు చాలని తేలినా తేలొచ్చు. అప్పుడు ఆ డబ్బుతో ముందు అవే పెట్టించుకోవాలి.