దూరవైద్యంలో రోగి సంతృప్తికి కొలమానం ఏమిటి?

వైద్యుడు ఒకచోట, రోగి మరొకచోట ఉండగా టెలిఫోను లేదా వీడియో ద్వారా సంప్రదించి చికిత్స పొందే విధానమే దూరవైద్యం. టెలిమెడిసిన్‌గా ప్రజలకు సుపరిచితమైన ఈ విధానం నేడు ప్రభుత్వ వైద్య సేవలలో అంతర్భాగమైనది. ఈ సేవలు ఎంతమంది పొందారనే లెక్కతోపాటు, పొందినవారు ఎంతవరకు సంతృప్తి చెందారన్నది కూడా తెలిసినప్పుడే దీని ప్రయోజనాన్ని సక్రమంగా అంచనా వేయగలము.

అరగొండ నుండి ఈ-సంజీవని వరకు

దేశంలో దూరవైద్యానికి తొలి అడుగులు పడిన ప్రదేశాలలో చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామం ఒకటి. అక్కడి అపోలో ఆసుపత్రిలోని టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ పర్యటన సందర్భంగా ప్రారంభించారు. 2001లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఉపగ్రహాల ద్వారా మారుమూల ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రులతో అనుసంధానించే కార్యక్రమాన్ని చేపట్టింది.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2019 నవంబరులో ఈ-సంజీవనిని ప్రారంభించింది. కోవిడ్ లాక్‌డౌన్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో, రోగులు ఇంటి నుండే నేరుగా వైద్యుని సంప్రదించే సదుపాయం దీనికి తోడైనది. 2023 ఫిబ్రవరి నాటికి దేశవ్యాప్తంగా సంప్రదింపుల సంఖ్య 10 కోట్లు దాటింది. అందులో 3 కోట్ల 17 లక్షలకు పైగా సంప్రదింపులతో ఆంధ్రప్రదేశ్ ప్రథమ స్థానంలో నిలిచింది. అప్పటి గణాంకాల ప్రకారం సేవలు పొందినవారిలో 57 శాతానికి పైగా మహిళలు, సుమారు 12 శాతం వయోవృద్ధులు.

సంతృప్తికి కారణాలు

దూరవైద్యంలో రోగికి ముందుగా కనిపించే లాభం ప్రయాణభారం తగ్గుట. జిల్లా ఆసుపత్రికి వెళ్లి రావాలంటే బస్సు ఛార్జీలతోపాటు ఆ రోజు కూలి కూడా పోతుంది. వృద్ధులకైతే తోడు వచ్చేవారి కూలి సైతం నష్టమే. బి.పి., షుగర్ వంటి దీర్ఘకాలిక వ్యాధులకు పదే పదే వైద్యుని సంప్రదించవలసినవారికి ఈ ఆదా గణనీయమైనది.

గ్రామస్థాయి ఆరోగ్య కేంద్రం నుండి మాట్లాడే రోగికి మరొక సౌలభ్యం కలదు. అక్కడి ఆరోగ్య కార్యకర్త బి.పి. చూసి, రక్తపరీక్ష చేసి, వివరాలను వైద్యునికి తెలియజేస్తారు. వైద్యుడు చెప్పిన మాటను రోగికి అర్థమయ్యే రీతిలో మరల వివరిస్తారు. ఫోను వాడకం తెలియనివారికి ఈ సహాయమే కీలకం. మానసిక సమస్యల విషయంలో ముఖం కనిపించకుండా మాట్లాడగలగడమే ధైర్యాన్నిస్తుంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ సేవలను 14416 నంబరుపై 24 గంటలూ పొందవచ్చును.

అసంతృప్తి ఎక్కడ?

మాట మధ్యలో తెగిపోవుట, క్యూలో చాలాసేపు వేచి ఉండుట, వైద్యుడు తొందరగా ముగించుట, వ్రాసిన మందు స్థానికంగా దొరకకపోవుట ప్రధాన ఇబ్బందులు. ప్రతిసారీ కొత్త వైద్యుడు రావడం వలన మొదటి నుండి చెప్పుకోవలసి వచ్చినప్పుడు రోగికి విసుగు కలుగుట సహజం. చేయిపట్టి చూడలేదన్న వెలితి కొందరిలో మిగిలిపోతుంది.

సంతృప్తి వేరు, నాణ్యత వేరు

రోగి సంతృప్తి చెందినంత మాత్రాన చికిత్స సరైనదని భావించరాదు. సాధారణ జలుబుకు యాంటీబయోటిక్ అవసరం లేదని చెప్పిన వైద్యునిపై రోగికి అసంతృప్తి కలుగవచ్చును. అడిగిన మందు వ్రాసినవారు మంచివారుగా తోచవచ్చును. అయినను మొదటి వైద్యుడే సరైన సలహా ఇచ్చినవారు. అదేవిధంగా, ఛాతీనొప్పితో బాధపడే వ్యక్తి ఫోనులో మాట్లాడి ఊరట చెంది ఇంటివద్దనే ఉండిపోతే ప్రాణాపాయం సంభవించవచ్చును. అట్టి వ్యక్తిని తక్షణం ఆసుపత్రికి పంపుటయే సరైన సేవ.

అభిప్రాయ సేకరణలోనూ జాగ్రత్త అవసరం. సంప్రదింపు ముగిసిన వెంటనే, సిబ్బంది సమక్షంలో అడిగితే బాగోలేదని చెప్పేవారు అరుదు. కాల్ కలవక మధ్యలోనే విరమించినవారు, ఫోను లేక అసలు ప్రయత్నించనివారు ఈ లెక్కలోనికి రారు. కావున వారం పది రోజుల తరువాత, వేరొకరి ద్వారా, స్పష్టమైన ప్రశ్నలు అడుగుట మేలు: వైద్యుడు మీ మాట పూర్తిగా విన్నారా? మందు ఎలా వాడాలో అర్థమైనదా? మందు దొరికినదా? జబ్బు తగ్గకపోతే ఎక్కడికి వెళ్లాలో చెప్పారా? తరువాత మరల ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చినదా? ఇట్టి సమాధానాల వలన లోపం నెట్‌వర్క్‌లో ఉన్నదో, మందుల సరఫరాలో ఉన్నదో, సంప్రదింపులో ఉన్నదో తెలుసుకొని సరిదిద్దవచ్చును.

రోగులు తెలుసుకోవలసిన విషయాలు

2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాల ప్రకారం వైద్యుడు తన పేరు, అర్హత రోగికి తెలియజేయాలి. మందుల చీటీపై రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలి. సంప్రదింపును ఏ దశలోనైనా ఆపివేసి, ప్రత్యక్షంగా వైద్యుని కలుసుకొనే హక్కు రోగికి కలదు. షెడ్యూలు-ఎక్స్‌లోని మందులను ఈ పద్ధతిలో వ్రాయరాదు.

సంప్రదింపునకు ముందు పాత చీటీలు, పరీక్షల రిపోర్టులు, ప్రస్తుతం వాడుతున్న మందులు దగ్గర ఉంచుకోవాలి. వైద్యుడు చెప్పినది ఒకసారి తిరిగి చెప్పి సరిచూసుకోవాలి. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవుట, స్పృహ కోల్పోవుట, తీవ్ర రక్తస్రావం వంటి లక్షణాలు కనిపించినచో వీడియో కోసం వేచి ఉండక వెంటనే 108కి ఫోను చేయాలి.

ఇబ్బంది కలిగినప్పుడు రోగి నిస్సంకోచంగా తెలియజేయుట, తెలియజేసిన లోపాన్ని సిబ్బంది సరిదిద్దుట జరిగిననాడు ఈ సేవ దూరప్రాంత ప్రజలకు మరింత నమ్మకమైన అండగా నిలువగలదు.