కాంతికి వర్ణము మార్చు సూక్ష్మశిల్పము

గాజున దూరిన యెఱ్ఱని కాంతి యెఱ్ఱగనే వెలువడుట మన నిత్యానుభవము. అయినను 1961లో మిచిగాన్ విశ్వవిద్యాలయమున పీటర్ ఫ్రాంకెన్ బృందము 694 నానోమీటర్ల రూబీ లేజరు కిరణమును క్వార్ట్జ్ స్ఫటికము గుండ పంపగా, అందు లవలేశము 347 నానోమీటర్ల అతినీలలోహిత కాంతియై బయల్వెడలెను. తీవ్రకాంతి తాకిడికి ఎలక్ట్రానుల స్పందన తాకిడితో సమానుపాతము తప్పుటయే యిందుకు హేతువు.

ఇట్టి గుణముగల పరికరములను వెండ్రుక మందముకన్న చిన్నవిగ నొనర్పవలెనన్న పదార్థమునే నానోమీటర్ల కొలతలో మలచవలెను. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్య సోమ వేణుగోపాలరావు బృందము త్రొక్కిన త్రోవ నాకు మిక్కిలి మనోహరముగ తోచును. ద్రవమున మునిగిన వెండి, బంగారు రేకులపై ఫెమ్టోసెకను లేజరు స్పందములను కేంద్రీకరింతురు. ఫెమ్టోసెకనన సెకనులో పదికోట్ల కోట్లవ వంతు. వేడిమి చుట్టును వ్యాపించుటకు వ్యవధి చాలనందున లోహము అచ్చటనే పెల్లగిలి, నానోకణములై ద్రవమున చేరును. రేకుపై సూక్ష్మరేఖలు మిగులును. ఎమ్మిగనూరు నేతగాండ్ర చేతిలో పోగుల యెడమును బట్టి వస్త్రగుణము మారునట్లు, ఈ రేఖల యెడమును బట్టి కాంతి ప్రవర్తనము మారును. లోహపు మొనలకడ ఎలక్ట్రానులు కూడి యూగుటచే కాంతిక్షేత్రము పెక్కురెట్లు తీవ్రమగును. స్వల్పకాంతికే పదార్థము అసాధారణముగ స్పందించును. ఈ తీవ్రత తోడ్పాటుననే యీ రేకులపై పేలుడు పదార్థముల అత్యల్పాంశములనుగూడ వా రానవాలు పట్టిరి.