ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో వాటర్ హీటర్ పెడుతున్నారా? ప్లగ్ పెట్టే ముందు ఈ చిన్న లెక్క చూసుకోండి

చలికాలం వస్తే చాలు, అటక మీది వాటర్ హీటర్ రాడ్ కిందికి దిగుతుంది. చాలా ఇళ్లలో బాత్రూమ్ దగ్గర పెద్ద ప్లగ్ ఉండదు. దాంతో హాల్లోని ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాక్కొచ్చి, రాడ్‌ని అందులో పెట్టేస్తుంటారు. పిన్నులు పట్టకపోతే కన్వర్టర్ ప్లగ్ తగిలిస్తారు. కాసేపటికి ప్లగ్ వేడెక్కుతుంది. ఒక్కోసారి కాలిన ప్లాస్టిక్ వాసన కూడా వస్తుంది. అసలు ఇలా ఎందుకవుతుంది? జవాబు పదో తరగతి ఫిజిక్స్‌లోనే ఉంది.

ముందు ఈ నాలుగు మాటలు తెలియాలి

కరెంటును తీగలో ముందుకు నెట్టే ఒత్తిడి వోల్టేజ్. మన ఇళ్లకు వచ్చేది మామూలుగా 230 వోల్టులు. తీగలో ఎంత కరెంట్ పారుతోందో చెప్పేది యాంపియర్. ఆ ప్రవాహానికి వస్తువు ఎంత అడ్డుపడుతుందో అది నిరోధం, దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. ఆ వస్తువు సెకనుకు ఎంత విద్యుత్ శక్తి వాడుతుందో చెప్పేది వాట్. ఈ లెక్కకు పునాది వేసింది జర్మనీ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్. 1827లో ఆయన ఈ సంబంధాన్ని పుస్తకంగా ప్రచురించారు.

గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే రెండు:

• నిరోధం = వోల్టేజ్ ÷ కరెంట్
• పవర్ = వోల్టేజ్ × కరెంట్

మన ఇంటి హీటర్ లెక్క ఇదీ

రాడ్ మీద 1500 వాట్లు అని రాసి ఉందనుకోండి. 1500ని 230తో భాగిస్తే దాదాపు 6.5 యాంప్స్ వస్తుంది. రాడ్ లాగే కరెంట్ అదే. ఇప్పుడు 230ని 6.5తో భాగించండి. సుమారు 35 ఓమ్‌లు. అది రాడ్ నిరోధం.

ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో చాలావాటి మీద 6 యాంప్స్ అని ఉంటుంది. అంటే 6 × 230 = 1380 వాట్లు. దాని తాహతు అంతే. ఒక్క రాడ్‌తోనే ఆ హద్దు దాటిపోయింది! పక్కన 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె కూడా పెడితే మొత్తం 2500 వాట్లు, అంటే దాదాపు 11 యాంప్స్.

మిగతావి కూడా చూడండి:

• ఇస్త్రీ పెట్టె, 1000 వాట్లు: 4.3 యాంప్స్
• ఇండక్షన్ స్టవ్, 2000 వాట్లు: 8.7 యాంప్స్
• ఇన్‌స్టంట్ గీజర్, 3000 వాట్లు: 13 యాంప్స్

అందుకే గీజర్లకు 16 యాంప్స్ పెద్ద ప్లగ్ పెడతారు. అది 3680 వాట్ల వరకు తట్టుకుంటుంది.

అసలు ప్రమాదం లూజ్ కాంటాక్ట్‌లోనే

కరెంట్ పారే ప్రతిచోటా ఎంతోకొంత వేడి పుడుతుంది. దాని లెక్క: కరెంట్ × కరెంట్ × నిరోధం. అంటే కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది.

సాకెట్ పాతబడి పిన్ను వదులుగా కూర్చుందనుకోండి. అక్కడ అర ఓమ్ నిరోధం వచ్చినా, 6.5 యాంప్స్ పారేటప్పుడు ఆ ఒక్క చోటే 21 వాట్ల వేడి పుడుతుంది. టంకం వేసే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుంది. దాదాపు అంత వేడి ప్లాస్టిక్ సాకెట్ లోపల, కంటికి కనిపించకుండా! ప్లగ్ నల్లబడేది, కరిగేది అందుకే.

ఎంసీబీ ఉందిగా, ట్రిప్ అవుతుందిలే అనుకోవద్దు. ఎంసీబీ చూసేది లైన్‌లో మొత్తం ఎంత కరెంట్ పోతోందన్నదే. ఆ లైన్‌కి 16 యాంప్స్ ఎంసీబీ ఉంటే, 6.5 యాంప్స్‌కి అది కదలదు. ఈలోపు బాక్స్ కాలిపోవచ్చు.

లో వోల్టేజ్ అయితే బిల్లు తగ్గుతుందా?

చాలామందికి ఉండే డౌట్ ఇది. రాడ్ నిరోధం దాదాపు మారదు. వోల్టేజ్ 180కి పడిపోతే కరెంట్ 5.1 యాంప్స్‌కి, పవర్ సుమారు 920 వాట్లకి తగ్గుతాయి. కానీ నీళ్లకు కావాల్సిన వేడి మాత్రం తగ్గదు కదా! 15 లీటర్ల బకెట్‌ని 30 డిగ్రీలు వేడి చేయడానికి 230 వోల్టుల దగ్గర సుమారు 21 నిమిషాలు పడితే, 180 దగ్గర 34 నిమిషాలు పడుతుంది. రెండు సందర్భాల్లోనూ కాలేది దాదాపు అర యూనిట్టే. 1000 వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్, అదీ లెక్క.

ఒక్క విషయం. ఈ లెక్క హీటర్, ఇస్త్రీ పెట్టె లాంటి వేడి చేసే వస్తువులకు సరిగ్గా సరిపోతుంది. ఫ్రిజ్, ఏసీ, మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఇంతకంటే ఎక్కువ కరెంట్ లాగుతాయి.

ఇవి తప్పకుండా పాటించండి

• వస్తువు మీద రాసిన వాట్లను 230తో భాగించండి. 6 దాటితే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టొద్దు, పెద్ద ప్లగ్‌లోనే పెట్టండి.
• 16 యాంప్స్ ప్లగ్‌ని కన్వర్టర్‌తో చిన్న సాకెట్‌కి పెట్టొద్దు. పిన్ను మారుతుందే గానీ వెనక తీగ మారదు.
• ప్లగ్ వేడెక్కినా, నల్లబడినా, చిటపట శబ్దం వచ్చినా వాడకం ఆపేసి సాకెట్ మార్పించండి.
• ఎంసీబీ పదే పదే ట్రిప్ అవుతుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. తీగ మార్చకుండా పెద్ద ఎంసీబీ వేయించడం చాలా ప్రమాదం.
• మల్టీమీటర్‌తో నిరోధం చూడాలంటే ముందు ప్లగ్ తీసేయండి. కరెంట్ ఉండగా ఓమ్‌ల దగ్గర పెట్టి అస్సలు కొలవొద్దు.
• రాడ్ ఆన్‌లో ఉన్నప్పుడు నీళ్లలో చేయి పెట్టొద్దు. స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే బకెట్ ముట్టుకోండి.